మేనమామని ఇంగ్లిష్‌లో ఏమంటారు?

ఇంగ్లిష్ పాఠాలు చెప్పడానికి వియత్నాం వెళ్తున్నానని చెప్పగానే ఇంట్లో, కాలేజీలో, వాట్సాప్ గ్రూపులో ఒకటే ప్రశ్న. ‘వాళ్లకి నువ్వు నేర్పుడేంది?’ అని. వెక్కిరింపు కాదు, నిజంగానే అర్థంకాక అడిగారు. ఇంగ్లిష్ అంటే అమెరికా వాళ్లో ఇంగ్లండ్ వాళ్లో నేర్పాలి గదా! ఖమ్మం జిల్లాలో పదో తరగతి దాకా తెలుగు మీడియం చదివి, ఇంటర్‌లో ‘మే ఐ కమిన్ సార్’ అనడానికి గుమ్మం దగ్గర రెండుసార్లు లోపల్లోపల అనుకున్న పిల్ల ఇంకో దేశం వెళ్లి ఏం నేర్పుతుంది?

ఆ ప్రశ్న నాలోనూ ఉంది. కాకపోతే నేను పైకి అడగలేదు, టికెట్ బుక్ చేసుకున్నాను.

బీఎడ్ రెండో ఏడాది పరీక్షలు రాసి ఫలితాల కోసం ఎదురుచూస్తున్న రోజులవి. మన బీఎడ్‌లో బడికి వెళ్లి పాఠం చెప్పే ఇంటర్న్‌షిప్ ఉంటుంది, తెలుసు కదా. అమెరికా, యూరప్ యూనివర్సిటీల్లో టీచర్ ట్రైనింగ్ చేసే కొందరు ఆ ప్రాక్టీస్‌లో కొంత భాగం వేరే దేశంలో చేస్తారు. హాస్టల్లో కాకుండా అక్కడి ఒక కుటుంబంతో ఉంటారు. నేను వెళ్లిందీ అలాంటి కార్యక్రమానికే. 8 వారాలు. జీతం లేదు. తిండి, పడక ఆ ఇంట్లోనే. విమానం టికెట్, వీసా, ఇన్సూరెన్స్ మనవి. ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుకి మా మేనమామ సర్దిన డబ్బు కలిపి అక్టోబర్ మొదట్లో బయల్దేరాను.

నేనున్న ఊరు నిన్ బిన్ దగ్గర. రాజధాని హనోయ్‌కి దక్షిణంగా 90 కిలోమీటర్ల పైచిలుకు. వరిపొలాల మధ్యలోంచి నిటారుగా లేచిన సున్నపురాయి కొండలు, వాటి కిందుగా సాగే వాగుల్లో పడవలు. అక్కడి ట్రాంగ్ ఆన్ ప్రాంతాన్ని యునెస్కో 2014లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మీరు రీల్స్‌లో చూసే ఉంటారు. నా ఇల్లు మాత్రం టూరిస్టులు రాని వైపు. ముందు గదిలో మోటార్‌సైకిళ్ల రిపేరు, వెనక వంటిల్లు, పైన పడకగదులు.

మీ అమ్మ వయసెంత?

ఇంట్లో నలుగురు. బండ్లు బాగుచేసే ఇంటాయన, ఆయన తల్లి, భార్య, తొమ్మిదో తరగతి చదివే కూతురు. ఇంటావిడ పొద్దున్నే ఇంటిముందు టిఫిన్ అమ్ముతుంది. జిగురు బియ్యాన్ని రాత్రే నానబెట్టి, తెల్లవారుజామున 4 గంటలకి లేచి ఆవిరి మీద ఉడికిస్తుంది. దాన్ని ‘సోయ్’ అంటారు. బడికెళ్లే పిల్లలూ డ్యూటీలకెళ్లేవాళ్లూ బండి దిగకుండానే పొట్లం కట్టించుకుని వెళ్లిపోతారు.

మొదటిరోజు సాయంత్రం ఆవిడ ఫోన్‌లో ట్రాన్స్‌లేటర్ పెట్టి నన్నడిగిన మొదటి ప్రశ్న: ‘మీ అమ్మ వయసెంత?’

నా వయసు అడిగితే అర్థం చేసుకుంటాను. మా అమ్మ వయసెందుకు? చెప్పాను. ఆవిడ వేళ్ల మీద లెక్కేసి, నవ్వి, తన గుండె మీద చెయ్యి పెట్టుకుని ‘కో’ అంది.

సంగతేంటంటే, వియత్నాం వాళ్ల మాటల్లో ‘ఐ’, ‘యూ’ లాంటి అందరికీ సరిపోయే మాటలు రోజువారీ వాడకంలో లేనట్టే. ఎవరితో మాట్లాడినా వరస కలపాలి. ఇంటావిడ మా అమ్మకంటే పెద్దదైతే ‘బాక్’ అనాలి. చిన్నదైతే ‘కో’. ‘కో’ అంటే అసలు అర్థం మేనత్త, నాన్న చెల్లెలు. ఇంటి కూతురికి నేను ‘చి’, అంటే అక్క. తను ‘ఎమ్’, అంటే చెల్లి. తనని తాను కూడా ‘చెల్లి’ అనే చెప్పుకుంటుంది. ‘చెల్లి అన్నం తినేసింది, అక్క తింటుందా?’ ఇలా ఉంటుంది మాట. మన ఇళ్లలో పిల్లల్ని ‘అత్త చాక్లెట్ ఇస్తుంది, రా’ అని పిలుస్తారు చూడండి, అలా.

వచ్చిన మొదటిరోజే నాకు ఒక మేనత్త, ఒక చెల్లి, ఒక నాన్నమ్మ వచ్చారు. మాటలు మాత్రం రాలేదు.

రాత్రి భోజనం కింద చాప మీద. మధ్యలో గుండ్రటి పళ్లెం, దాని మీదే అన్ని కూరలూ. వెల్లుల్లి వేసి వేయించిన తూటికూర దాదాపు రోజూ ఉండేది. నేను గొడ్డుమాంసం తిననని ఒక్కసారే చెప్పాను, మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు. తినేముందు ఇంట్లో చిన్నవాళ్లు పెద్దవాళ్లని వరసపెట్టి పిలవాలి. ‘నాన్నమ్మా అన్నం తినండి, నాన్నా అన్నం తినండి, అమ్మా అన్నం తినండి’ అని. ఆ అమ్మాయి దీన్ని హాజరు పిలిచినంత వేగంగా ముగించేది. నాకది నోరు తిరగడానికి వారం పట్టింది. అక్కడి మాటకి ఆరు స్వరాలు. ‘మ’ అనే ఒక్క అక్షరాన్నే గొంతు ఎత్తో దించో విరిచో పలికితే దెయ్యం, అమ్మ, సమాధి, గుర్రం, వరినారు, ‘కానీ’... ఇలా ఆరు అర్థాలు వస్తాయి. రాత చూస్తే ఇంగ్లిష్ అక్షరాలే, పైనా కిందా గుర్తులతో. చదవగలిగినట్టే ఉంటుంది, చదవలేం.

ఆ 8 వారాల్లో నేను పాఠం చెప్పిన గంటలకంటే ఆ చాప మీద ఏమీ అర్థంకాక నవ్వుతూ కూర్చున్న గంటలే ఎక్కువేమో. అందరూ నవ్వితే నవ్వడం, నా పేరు వినిపిస్తే తలెత్తడం. ఇరవై మూడేళ్ల వయసులో, ఫస్ట్ క్లాస్‌లో డిగ్రీ పాసయి, మళ్లీ వెనక బెంచీ.

నాన్నమ్మ ఒక్కతే నాతో ఎప్పుడూ మాట్లాడేది. చెంచా చూపించి దాని పేరు చెప్పేది. తిరిగి చెప్పమని అడగదు. తర్వాతి రోజు మళ్లీ చూపించి చెప్పేది. నాలుగో రోజు నేనే ఆవిడకన్నా ముందు అన్నాను. ఆవిడ అందుకు చప్పట్లేమీ కొట్టలేదు. గిన్నె చూపించి దాని పేరు చెప్పింది. అంతే.

‘రిపీట్ ఆఫ్టర్ మీ’ అనడం నేను క్లాసులో ఆ వారమే తగ్గించాను.

తోక కోసేవాళ్లు, తోక తగిలించేవాళ్లు

బడిలో నాకిచ్చింది ఆరో తరగతి. 40 మందికి పైగా పిల్లలు, మెడలో ఎర్ర స్కార్ఫులు. సోమవారం పొద్దున జెండా వందనం. టీచర్ లోపలికి రాగానే అందరూ లేచి నిలబడతారు. వియత్నాంలో 2022-23 నుంచి మూడో తరగతిలోనే ఇంగ్లిష్ తప్పనిసరి సబ్జెక్టు చేశారు. అక్కడి ఇంగ్లిష్ టీచర్ గ్రామర్ చెప్పేది, నేను మాట్లాడించాలి. అదీ ఒప్పందం.

మాట్లాడించడం దగ్గరే చిక్కు. పిల్లలకి గ్రామర్ వచ్చు. ఖాళీలు టకటకా పూరిస్తారు. నోరు తెరవరు. మా ఇంట్లో చెల్లి అయితే మరీ. ఇంగ్లిష్ టెస్టులో పదికి తొమ్మిది తెచ్చుకునే పిల్ల నాతో రెండువారాలు ఒక్క ఇంగ్లిష్ ముక్క మాట్లాడలేదు. కావాల్సినవన్నీ సైగలే. అక్కడ తొమ్మిది తర్వాత ప్రభుత్వ హైస్కూల్లో చేరాలంటే ఎంట్రన్స్ రాయాలి. గట్టి పోటీ. రాత్రి 10 దాటినా తన గదిలో లైటు వెలుగుతూనే ఉండేది. నాకు కొత్తేమీ అనిపించలేదు. మనమూ అంతే కదా. వాయిస్ మార్చమంటే మార్చేస్తాం, రిపోర్టెడ్ స్పీచ్ రాసేస్తాం. బస్సులో ఎవరైనా ఇంగ్లిష్‌లో టైమ్ అడిగితే మాత్రం వాచీ చూపిస్తాం.

నోరు తెరిచినవాళ్ల దగ్గర ఇంకో సంగతి గమనించాను. వాళ్లు మాట చివరి హల్లు మింగేస్తారు. ‘నైస్’ అంటే ‘నై’. ‘ఫైవ్’ అంటే ‘ఫై’. వాళ్ల భాషలో మాట చివర స, వ లాంటి శబ్దాలు రావు, అందుకని. మనం దీనికి సరిగ్గా తలకిందులు. మనకి మాట చివర అచ్చు లేకపోతే తోచదు. బస్సు, రోడ్డు, పెన్ను, కారు. వాళ్లు ఇంగ్లిష్ మాటకి తోక కోస్తారు, మనం తోక తగిలిస్తాం.

ఒకరోజు బోర్డు మీద బస్ బొమ్మ వేసి, ‘మా ఊళ్లో దీన్ని బస్సూ అంటాం’ అని సాగదీశాను. క్లాసంతా గొల్లుమంది. ‘మీరు బ... అంటారు’ అని సగంలో ఆపాను. ఇంకా గట్టిగా నవ్వారు. ‘మీరు కొంచెం ఇటు రండి, నేను కొంచెం అటు వస్తాను, మధ్యలో బస్ ఆగుతుంది’ అన్నాను. ఆ పూట ప్రతి మాటకీ చివర ‘స్స్స్’ అని పాములా బుసకొట్టారు పిల్లలు. పక్క క్లాసు టీచర్ తొంగిచూసి వెళ్లింది.

‘అసలు’ ఇంగ్లిష్ టీచర్ కావాలి

మూడో వారంలో నాతో పాఠం చెప్పే టీచర్ స్టాఫ్‌రూమ్‌లో నన్ను పక్కకి పిలిచింది. కొందరు తల్లిదండ్రులు బడికి చెప్పారట. విదేశీ టీచర్ వస్తుందంటే ఇంగ్లిష్ సొంత భాషగా ఉన్న దేశం నుంచి అనుకున్నారట. పిల్లలకి ఇండియన్ యాస అంటుకుంటే ఎలా అని అడిగారట. వచ్చే గురువారం నా క్లాసు చూసి నిర్ణయిస్తామని, కాదంటే శనివారం ఆటలపాటల క్లబ్బుకి మారుస్తామని బడివాళ్లు అన్నారు. ఆ టీచర్ ఇవన్నీ దాచకుండా, నా మొహంలోకి చూస్తూ చెప్పింది. ఆవిడ ఇంగ్లిష్‌ని కూడా ఎవరో ఒకరు అలాగే తూచి ఉంటారనిపించింది.

ఆ తల్లిదండ్రులు చెడ్డవాళ్లు కాదు. ఆ ఊళ్లో ఇంగ్లిష్ కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద బంగారు రంగు జుట్టువాళ్లే కనిపిస్తారు. మన దగ్గర స్కూళ్ల ఫ్లెక్సీల మీద మాత్రం ఎవరుంటారు? కష్టపడి సంపాదించింది పిల్లల చదువుకి పెట్టేవాళ్లు సరుకు చూసుకోరా? అదంతా బుర్రకి తెలుసు. కానీ సైకిల్ తొక్కుకుంటూ ఇంటికొస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. చిన్నప్పుడు కాన్వెంట్ పిల్లల ముందు నోరు మెదపలేని నేను, ఇంతదూరం వచ్చినా అక్కడే నిలబడినట్టు.

ఆ రాత్రి చాప మీద నేను సరిగ్గా తినడం లేదని ఇంటావిడ కనిపెట్టింది. ఫోన్ నా ముందు పెట్టింది. ఇంగ్లిష్‌లో టైప్ చేశాను. ఆవిడ చదివింది, ఇంటాయనకి చూపించింది. ఎవరూ ఏమీ అనలేదు. అప్పుడు చెల్లి, పళ్లెం వంకే చూస్తూ, ఇంగ్లిష్‌లో మెల్లగా అంది. ‘అక్కా, నువ్వు మాట్లాడితే నాకు అర్థమవుతుంది. వీడియోల్లో వాళ్లు మాట్లాడితే అర్థం కాదు.’ ఒక క్రియ దగ్గర ఆగి, తనే సరిచేసుకుని, మళ్లీ మొదటినుంచి చెప్పింది.

రెండువారాల్లో తను నాతో అన్న మొదటి ఇంగ్లిష్ మాట అది. ‘ఏమంది, ఏమంది?’ అని వాళ్లమ్మ తన మోచేయి పొడుస్తోంది.

గురువారం పాఠం కుటుంబం గురించి. ఫాదర్, మదర్, అంకుల్, ఆంట్. ఆ రాత్రి చెల్లీ నేనూ పాత క్యాలెండర్ కాగితం వెనక రెండు కుటుంబాలు గీశాం. వాళ్లదొకటి, మాదొకటి. నాన్నమ్మ కళ్లజోడు పెట్టుకొచ్చి పక్కన కూర్చుంది, వరసల్లో తప్పు పోకుండా చూడటానికి.

అంకుల్, అంకుల్, అంకుల్

గురువారం వెనక బెంచీల్లో హెడ్మాస్టర్, ఇద్దరు టీచర్లు, తల్లిదండ్రుల తరఫున ఒకాయన. బోర్డు మీద మా ఇంటి వంశవృక్షం గీశాను. నాన్న తమ్ముడిని చూపించి, ‘తెలుగులో బాబాయి’ అన్నాను. పిల్లలు ‘చూ!’ అని అరిచారు. వాళ్ల మాట అది. నాన్న అన్నని చూపించి ‘పెదనాన్న’ అన్నాను. ‘బాక్!’ అమ్మ తోడబుట్టిన మేనమామ దగ్గరికి వచ్చేసరికి సగంమంది ‘కౌ’ అన్నారు, సగంమంది ‘బాక్’ అన్నారు. వాళ్లలో వాళ్లకే గొడవ. ఒక పాప లేచి ఇంగ్లిష్‌లో అడిగింది: ‘టీచర్, అమ్మకంటే పెద్దా, చిన్నా?’ మనకి మేనమామ పెద్దయినా చిన్నయినా మేనమామే. వాళ్ల వైపు అమ్మకి అన్న అయితే ‘బాక్’, తమ్ముడైతే ‘కౌ’.

‘ఇప్పుడు ఇంగ్లిష్‌లో చూద్దాం’ అని ముగ్గురి కిందా రాశాను. అంకుల్. అంకుల్. అంకుల్. క్లాసు ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత ఒక పిల్లవాడు, మూడువారాలుగా గొంతు వినిపించనివాడు, లేచి అడిగాడు. ‘టీచర్, మరి ఇంగ్లిష్ వాళ్లకి ఏ అంకులో ఎలా తెలుస్తుంది?’

నాకు కావాల్సిన ప్రశ్న అది. ‘తెలియదు. నువ్వే చెప్పాలి’ అన్నాను. ‘మా అమ్మ తమ్ముడు’, ‘మా నాన్నకంటే పెద్దాయన’ అని విడమరచాలి. విడమరచాలంటే ‘మదర్స్ బ్రదర్’ అనాలి. ఆ ‘స్’ మింగేస్తే ‘మదర్ బ్రదర్’ అవుతుంది, వినేవాడు తికమకపడతాడు. తోక ఎందుకు కావాలో పిల్లలకి మొదటిసారి పని పడింది. ఎవరి ఇల్లు వాళ్లు గీసుకున్నారు, పక్కవాడికి చెప్పుకున్నారు. గది నిండా ‘స్స్స్’. 40 నిమిషాలు ఎలా అయిపోయాయో తెలియదు.

ఇంగ్లిష్ సొంత భాషగా పుట్టినవాళ్లు ఈ పాఠం చెప్పలేరని కాదు. వాళ్ల నోటి సహజత్వం నాకు లేదు, వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది. కానీ ‘అంకుల్’ అనే మాట చాలదని వాళ్లకి ఎవరైనా చెప్పాలి. నాకు చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు ఆ మాట నేర్చుకుంటున్నప్పుడే నాకు అది ఇరుకైంది.

కశ్మీర్‌లో పుట్టిన బ్రజ్ కాచ్రూ అనే భాషావేత్త 1985లో ప్రపంచ ఇంగ్లిష్‌ని మూడు వలయాలుగా వివరించారు. లోపలి వలయంలో బ్రిటన్, అమెరికా లాంటివి. రెండో దాంట్లో ఇండియా లాంటివి, అంటే ఇంగ్లిష్ అమ్మ భాష కాకపోయినా ఆఫీసుల్లో, కోర్టుల్లో, చదువుల్లో నడిచే దేశాలు. మూడోదాంట్లో వియత్నాం లాంటి, పరాయి భాషగా నేర్చుకునే దేశాలు. బీఎడ్ చదివేటప్పుడు దీన్ని మార్కుల కోసం బట్టీ పట్టాను. లోపలి వలయమే పైమెట్టు అనుకున్నాను. నిన్ బిన్‌లో చూస్తే రెండో వలయంలో ఉన్న నాకు అటూ ఇటూ రెండు గుమ్మాలున్నాయి.

తర్వాత ఏమైంది?

సినిమాలోలా ఏమీ జరగలేదు. నన్ను ఆరో తరగతిలోనే ఉంచారు. అయినా ఇద్దరు పిల్లల్ని ఇంట్లోవాళ్లు ఆన్‌లైన్‌లో వేరే ఇంగ్లిష్ క్లాసుకి చేర్పించారని విన్నాను. వెనక కూర్చున్న తండ్రి వెళ్తూ వెళ్తూ, నా మేనమామ ఏం పనిచేస్తాడని టీచర్ ద్వారా అడిగించాడు. మిర్చి పంట వేస్తాడని చెప్పాను. తల ఊపి వెళ్లాడు.

నవంబర్ 20 అక్కడ టీచర్స్ డే. పిల్లలు పూలు తెచ్చారు. అక్కడ లేడీ టీచర్‌ని పిలిచే మాట కూడా ‘కో’నే, మేనత్త అన్న అదే మాట. బడిలో పిల్లలు నన్ను ‘కో’ అంటారు, ఇంటికొచ్చి నేను ఇంటావిడని ‘కో’ అంటాను. ఆ పూట ఆవిడ ఎర్రటి పండు గుజ్జు కలిపి శుభకార్యాలకి చేసే సోయ్ వండి, నా గిన్నెలో పెడుతూ నన్నే ‘కో’ అని పిలిచి పగలబడి నవ్వింది.

ఇలా వెళ్లాలనుకునేవాళ్లు చాలామంది నాకు మెసేజ్ చేస్తుంటారు. నాలుగు మాటలు చెప్తాను. జీతం తీసుకుని పాఠం చెప్పాలంటే వియత్నాంలో వర్క్ పర్మిట్ కావాలి, డిగ్రీ, టీచింగ్ సర్టిఫికెట్ అడుగుతారు. ‘టూరిస్ట్ వీసా మీద వెళ్లి చెప్పేయొచ్చు’ అనే ఏజెంట్ మాట వినకండి. జీతం లేని కార్యక్రమమైనా మీ వీసా దానికి సరిపోతుందో లేదో రాతపూర్వకంగా అడగండి. ఏ ఇంట్లో ఉంటారో, గదికి గడియ ఉందో లేదో, పడకపోతే ఇల్లు మార్చమని అడిగే మనిషి ఎవరో బయల్దేరకముందే తెలుసుకోండి. అమ్మాయిలైతే మరీ. వెళ్లాక మాత్రం ఫోన్ పక్కనపెట్టి చాప మీద కూర్చోండి. ఏమీ అర్థంకాని ఆ గంటలు ఏ ట్రైనింగ్‌లోనూ దొరకవు.

ఇప్పుడు ఖమ్మం దగ్గర ఒక చిన్న ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతూ డీఎస్సీకి చదువుకుంటున్నాను. చెల్లి ఎంట్రన్స్ పాసైంది. అక్కడివాళ్లు వాడే జాలో యాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పెడుతుంది, ఇంగ్లిష్‌లో, గుక్క తిప్పుకోకుండా. నేను తన భాషలో జవాబిస్తే స్వరం సరిచేసి పంపుతుంది. మొన్న మా ఆరో తరగతిలో ఒక పిల్లవాడు ‘బస్సు’ అన్నాడు. పక్కవాడు నవ్వాడు. వియత్నాంలో దీన్ని ఎలా అంటారో తెలుసా అని అడిగాను. ఇద్దరూ తలెత్తారు.